3+ అంటే మూడేళ్ల పిల్ల ఆడగలదని కాదు

ప్లే స్టోర్‌లో ఏ చదరంగం ఆట తెరిచినా 3+ అని ఉంటుంది. మూడేళ్ల పిల్లకు గుర్రం నడక తెలిసిపోతుందని కాదు, అందులో రక్తం, బూతులు, భయపెట్టే బొమ్మలు లేవని. ఈ ఒక్క తేడా తెలియకే సగం ఇళ్లలో ఆట మొదలైన ఐదు నిమిషాలకు ఏడుపు మొదలవుతుంది. అమ్మానాన్నలు అంకె చూసి ఆట ఎంచుకుంటారు. పిల్లాడు రెండుసార్లు గుంటలో పడి, మూడోసారి కంట్రోలర్ సోఫా మీదకు విసిరేస్తాడు. "వీడికి ఓపిక లేదు" అని వాడి మీదకు నెట్టేస్తాం. తప్పు వాడిది కాదు, ఎంపికది.

రేటింగ్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. రానివ్వకూడని వాళ్లను ఆపుతాడు. లోపలికి వచ్చినవాళ్లు మనింట్లో ఎలా మసలుకుంటారన్నది అతని డ్యూటీ కాదు. పిల్ల వేళ్లకు అందుతుందా, చదవడం రాకపోయినా ఆడగలదా, ఓడిపోతే ఎంతసేపట్లో మళ్లీ నిలబెడుతుంది, ఎక్కడ ఆపొచ్చు... ఈ నాలుగూ మనమే చూసుకోవాలి. పిల్లలతో కలిసి ఆడాలంటే ఇంకోటి కూడా: పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు ఆటలో నిజంగా ఏదైనా పని ఉండాలి. ఊరికే చూస్తూ కూర్చునేదైతే పది నిమిషాల్లో మన చేయి మన ఫోన్ మీదకు పోతుంది.

ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది

సినిమాలకు సెన్సార్ బోర్డు వేసే యూ, యూ/ఏ లాంటి ముద్ర ఆటలకు మన దగ్గర లేదు. ప్లే స్టోర్‌లో కనిపించే 3+, 7+, 12+, 16+, 18+ అంకెలు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతివి. ఆట తయారుచేసినవాళ్లు ఒక ప్రశ్నావళి నింపుతారు: హింస ఉందా, జూదం ఉందా, భాష ఎలా ఉంటుంది. జవాబులను బట్టి అంకె పడుతుంది. ఎవరో కూర్చుని ఆట మొత్తం ఆడి చూసి ఇచ్చిన మార్కు కాదది. ఆపిల్ లెక్క వేరు. 2025లో మార్చాక అక్కడ 4+, 9+, 13+, 16+, 18+ ఉంటాయి. డిస్క్ కొంటే డబ్బా మీద ఐరోపా వాళ్ల పెగీ అంకెలో, అమెరికా వాళ్ల ఈఎస్‌ఆర్‌బీ అక్షరాలో ఉంటాయి. ఈఎస్‌ఆర్‌బీలో 'ఈ' అంటే అందరూ, 'ఈ10+' అంటే పదేళ్లు దాటినవాళ్లు, 'టీ' అంటే పదమూడు దాటినవాళ్లు, 'ఎం' అంటే పదిహేడు దాటినవాళ్లు. ఒకే ఆటకు రెండుచోట్ల రెండు రకాలుగా పడుతుంది. దిమ్మెలతో ఇళ్లు కట్టే మైన్‌క్రాఫ్ట్‌కు పెగీ 7 ఇస్తే, ఈఎస్‌ఆర్‌బీ ఈ10+ ఇచ్చింది. కంగారు పడక్కర్లేదు, రెండింట్లో కఠినంగా ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటే సరి.

అంకె కంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నవి ముఖ్యం. 'యూజర్స్ ఇంటరాక్ట్' అని ఉంటే ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లలతో మాట కలపొచ్చని. 'ఇన్-యాప్ పర్చేజెస్' అంటే లోపల అంగడి ఉందని. దానికి 'రాండమ్ ఐటమ్స్' అనే మాట తోడైతే ఏం వస్తుందో చెప్పకుండా డబ్బు కట్టించుకునే పెట్టెలు ఉన్నాయని. జాతరలో లాటరీ చీటీ తీయించినట్టే. ప్లే స్టోర్‌లో 'అబౌట్ దిస్ గేమ్' తెరిచి కిందికి జరిపితే ఒక్కో వస్తువు ధర ఎంత నుంచి ఎంత వరకో రాసి ఉంటుంది. పై అంకె వేలల్లో ఉంటే ఆ ఆట బతికేది పిల్లల ముచ్చట మీద కాదు, ఆ వేల మీద. మా లెక్కలో అక్కడికక్కడే వదిలేయాల్సిన రకం.

పిల్లలు పడుకున్నాక ఇరవై నిమిషాలు

ఏ ఆటైనా పిల్లలకు చూపించే ముందు మీరు ఒంటరిగా ఇరవై నిమిషాలు ఆడి చూడండి. సరదాకు కాదు, పరీక్షకు.

మొదట మామూలుగా తెరిచి, ఎన్ని నిమిషాలకు మొదటి ప్రకటన వచ్చిందో చూడండి. లెవెల్ మధ్యలో వచ్చిందా, అయ్యాక వచ్చిందా? మూసే గుర్తు పెద్దవాళ్ల బొటనవేలికే అందనంత చిన్నగా మూలన ఉంటే, నాలుగేళ్ల వేలు కచ్చితంగా ప్రకటన మీదే పడుతుంది. అక్కణ్ణుంచి ఇంకో యాప్ దిగుతుంది. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, మళ్లీ తెరవండి. ఆట హాయిగా నడిస్తే సగం బెడద తీరినట్టే. ప్రకటనలు చాలావరకు రావు, చాట్ ఉండదు, కొనుగోళ్లు జరగవు. నెట్ లేకుండా తెరుచుకోనే తెరుచుకోకపోతే, ఒక్కరే ఆడుకునే చిన్నపిల్లల ఆటకు అంత అవసరం ఏమొచ్చిందని అనుమానించాల్సిందే.

ఆ తర్వాత కావాలని మూడుసార్లు ఓడిపోండి. గుంటలో పడ్డాక మళ్లీ ఆట చేతికొచ్చేసరికి ఎన్ని సెకన్లు పట్టింది? ఐదారు సెకన్లలోపు అయితే పిల్లలు నవ్వుతూ మళ్లీ దూకుతారు. ఇరవై సెకన్ల లోడింగ్, దానికి ముందు 'యూ లాస్ట్' అని పెద్ద అక్షరాలు, ఏడుపు సంగీతం... ఇవన్నీ ఉంటే ఓటమి ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. లెవెల్ మొదటికి పంపుతుందా, పడ్డచోటే నిలబెడుతుందా అన్నది కూడా చూడండి. చివరగా సౌండ్ ఆపేసి, తెర మీది ఇంగ్లిష్ చదవకుండా, బొమ్మలు మాత్రమే చూసి ఐదు నిమిషాలు ఆడండి. ఎటు వెళ్లాలో అర్థం కాకపోతే చదవడం రాని పిల్లకూ అర్థం కాదు. అలాంటి ఆటలో మీరు పక్కనే ఉండి తెలుగులో చెప్తూ ఉండాలి. అది లోపమే కానక్కర్లేదు, మంచి ఉదాహరణ కింద వస్తుంది.

వేళ్ల సంగతి

పెద్దవాళ్లు అసలు గమనించనిది ఇదే. త్రీడీ ఆటల్లో ఎడమ బొటనవేలు మనిషిని నడిపిస్తుంది, కుడి బొటనవేలు కెమెరాను తిప్పుతుంది. రెండూ ఒకేసారి జరగాలి. మనకు బండి నడుపుతూ అద్దం చూసుకున్నంత అలవాటు. ఐదారేళ్ల లోపు పిల్లలు మాత్రం కెమెరాను మర్చిపోతారు. అది నేలనో ఆకాశాన్నో చూస్తూ ఉండిపోతుంది, బొమ్మ గోడకు తల బాదుకుంటూ నడుస్తుంది. పిల్ల ఏమో బటన్ ఇంకా గట్టిగా నొక్కుతుంది. ఆట కష్టమని కాదు, ఆ వయసుకు రెండు బొటనవేళ్లూ రెండు వేర్వేరు పనులు చేయవు, అంతే. అందుకే ఆరేళ్లలోపు వాళ్లకు పక్కనుంచి కనిపించే టూడీ ఆటలు, లేదా కెమెరా తనంతట తానే కదిలే ఆటలు చూడండి. లెగో ఆటల్లో పాతవాటిలో కెమెరా స్థిరంగా ఉంటుంది. 2022లో వచ్చిన స్కైవాకర్ సాగాలో మనమే తిప్పుకోవాలి, ఇద్దరు ఆడితే తెర నిలువునా రెండుగా చీలుతుంది కూడా. "లెగోనే కదా" అని కొత్తది తెచ్చిన ఇంట్లో చిన్నది తికమక పడేది ఇందుకే.

మూడు నాలుగేళ్ల వాళ్లకు కంట్రోలరే వద్దు, టచ్ చాలు. అక్కడా ఒక చిక్కుంది. వాళ్లు వేలితో కాదు, అరచేతితో ఆడతారు. అంచున చేయి ఆనగానే ఫోన్ దాన్ని స్వైప్ అనుకుని ఆట మూసేస్తుంది, లేదా నోటిఫికేషన్లు దించుతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీలో 'యాప్ పిన్నింగ్' ఆన్ చేసి, తీసేటప్పుడు పిన్ అడిగేలా పెట్టండి. తర్వాత ఆట తెరిచి, రీసెంట్ యాప్స్‌లోకి వెళ్లి, పైనున్న ఆట గుర్తు నొక్కి 'పిన్' అనండి. ఇక ఆ ఆట దాటి బయటికి రాలేరు. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలో 'గైడెడ్ యాక్సెస్' అని ఉంటుంది. పక్క బటన్ మూడుసార్లు నొక్కితే మొదలవుతుంది, తెరలో కొంత భాగాన్ని పనిచేయకుండా ఆపేయొచ్చు కూడా. కొనుగోలు బటన్ ఉన్న మూలను అలా మూసేస్తే బాగుంటుంది. ఫోన్‌ను చేతిలో కాకుండా బల్ల మీద, ఏదైనా పుస్తకానికి ఆనించి పెట్టండి. మొహానికి దూరంగానూ ఉంటుంది, పడీ పగలదు.

టీవీకి తగిలించి ఆడే కన్సోళ్లలో ఒక మంచి ఏర్పాటు ఉంది, చాలామందికి తెలియదు. పీఎస్5లో, అంటే ప్లేస్టేషన్ 5లో, యాక్సెసిబిలిటీలోని కంట్రోలర్ల సెట్టింగ్స్‌లో రెండో కంట్రోలర్‌ను సాయంగా పెట్టుకునే అవకాశం ఇచ్చారు. ఎక్స్‌బాక్స్‌లోనూ ఇలాంటిదే 'కంట్రోలర్ అసిస్ట్' ఉంది. రెండు కంట్రోలర్లూ ఒకే బొమ్మను నడుపుతాయి. పిల్ల నడిపిస్తూ, దూకిస్తూ ఉంటుంది. మీరు మీ చేతిలోని దానితో కెమెరా తిప్పుతూ, గుంట దగ్గర మాత్రం ఓ చెయ్యి వేస్తారు. సైకిల్ నేర్పేటప్పుడు సీటు వెనక పట్టుకున్నట్టే. పీఎస్5తోపాటే ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ ఒక్కరు ఆడే ఆటే అయినా, ఇలా ఇద్దరి ఆటగా మారిపోతుంది.

తాతయ్య ఫోనూ, ఆటోపే

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో పిల్లలు ఆడేది అమ్మ ఫోన్‌లోనో తాతయ్య ఫోన్‌లోనో. అందులోనే యూపీఐ, అందులోనే బ్యాంకు మెసేజీలు. కాబట్టి ఆట ఎంత మంచిదైనా ఫోన్‌ను ముందు సరిచేయాలి.

ప్లే స్టోర్‌లో పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్, అక్కడ ఫ్యామిలీ, అందులో పేరెంటల్ కంట్రోల్స్. ఆన్ చేసి, కొత్త పిన్ పెట్టి, గేమ్స్‌కు 3+ లేదా 7+ ఎంచుకోండి. పిన్ మాత్రం ఫోన్ తెరిచేదే మళ్లీ పెట్టకండి, పిల్లలకు అది ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. ఇది కొత్తగా దింపేవాటికే అడ్డం పడుతుంది, ముందే ఫోన్‌లో ఉన్నవాటిని తీసేయదు. ఒక్కో ఫోన్‌లో విడిగా చేయాలి. అమ్మ ఫోన్‌లో పెట్టాం కదా అని తాతయ్య ఫోన్ వదిలేస్తే ఆట అక్కడికి మారుతుంది.

అదే సెట్టింగ్స్‌లో కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగే చోట మూడు ఎంపికలు ఉంటాయి: ప్రతిసారీ, 30 నిమిషాలకోసారి, ఎప్పుడూ వద్దు. 'ప్రతిసారీ' మాత్రమే పెట్టండి. 'ముప్పై నిమిషాలు' చూడ్డానికి సర్దుబాటుగా ఉంటుంది కానీ, మీరు ఒకటి కొనిచ్చి ఫోన్ చేతికిచ్చాక మిగతా ఇరవై తొమ్మిది నిమిషాలు తలుపు తెరిచే ఉంటుంది. వేలిముద్ర పెట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం నిద్రలో చేయి ఎక్కడ పెడుతున్నారో చూసుకోవడం మంచిది, ఇది జోక్ కాదు. గిఫ్ట్ కోడ్ వేసి ప్లే బ్యాలెన్స్‌గా ఉంచిన డబ్బుకు బ్యాంకు ఓటీపీ రాదు, అది ముందు ఖాళీ అవుతుంది.

అసలు గండం 'ఏడు రోజులు ఉచితం'. పిల్లల యాప్‌లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ట్రయల్ కోసం ఒక్కసారి ఆటోపేకు ఒప్పుకుంటే, రూ.15,000 లోపు మొత్తాలు తర్వాత్తర్వాత ఓటీపీ అడగకుండానే తెగుతాయి. ముందురోజు ఒక మెసేజ్ వస్తుంది, మిగతా నలభై మెసేజీల్లో అదొకటి. యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. ప్లే స్టోర్ ప్రొఫైల్‌లో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. ఆ తర్వాత యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాలో కూడా ఓసారి చూసుకోవాలి. ట్రయల్ తీసుకున్న నిమిషంలోనే రద్దు చేస్తే సాధారణంగా ఆ ఏడు రోజులూ వాడుకోనిస్తారు. ఆరో రోజు గుర్తుపెట్టుకుందాం అనుకోకండి.

ఈ తలనొప్పి ఏదీ లేనిది ఒకటి చెప్పాలంటే ఖాన్ అకాడమీ కిడ్స్. రెండు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు. ప్రకటనలు లేవు, చందా లేదు. మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, తెలుగు మనం కలపాలి. ఐదు దాటాక స్క్రాచ్ జూనియర్ ఇంకా బాగుంటుంది, అదీ ఉచితమే. పిల్లిబొమ్మను ఎటు నడవాలో దిమ్మెలు పేర్చి చెప్పాలి. ఆట ఆడటం కాదు, ఆట చేయడం అది.

లూడో గురించి ఒక మాట. ఫోన్ లూడోల్లో ఒకే ఫోన్ చేతులు మార్చుకుంటూ ఆడే పద్ధతి ఉంటుంది, ఏరోప్లేన్ మోడ్‌లోనూ నడుస్తుంది. నానమ్మకూ వచ్చిన ఆట, నేర్పే పని లేదు. కానీ ఇంట్లో లూడో అట్ట ఉంటే ఫోన్ ఎందుకు? పాచిక చేత్తో వేసే ఆనందం తెరలో లేదు, అట్టకు ప్రకటనలూ రావు.

సీటీసీలో కొనేటప్పుడు

టీవీ ముందు కలిసి ఆడటానికి కన్సోల్ నయం. తెర దూరంగా ఉంటుంది, ఆట మీ కళ్ల ముందే ఉంటుంది. పీఎస్5, ఎక్స్‌బాక్స్ మన దగ్గర కంపెనీ వారంటీతో దొరుకుతాయి. చిన్నపిల్లలకు ఎక్కువ ఆటలున్న నింటెండో స్విచ్ మాత్రం అధికారికంగా ఇక్కడ అమ్మరు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అనేది, లాంటి చోట్ల దొరికేది దిగుమతి సరుకు. వారంటీ అంటే అమ్మినతను ఇచ్చే మాటే. అది బిల్లు మీద రాయించుకోండి.

స్విచ్ 2 కొంటుంటే ఒక ఉచ్చు ఉంది. జపాన్‌లో మాత్రమే అమ్మే, ధర తక్కువున్న రకం ఒకటి ఉంది. దాని మెనూ జపనీస్ భాషలో తప్ప రాదు, జపాన్ ఖాతా తప్ప వేరేది ఒప్పుకోదు. డబ్బా మీద జపనీస్ అక్షరాలు చూసి "సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు సార్" అంటే నమ్మకండి. షాపులోనే ఆన్ చేయించి, ఇంగ్లిష్ మెనూ కళ్లారా చూశాకే డబ్బు కట్టండి. పాత స్విచ్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'కంట్రోలర్స్ అండ్ సెన్సార్స్', అందులో 'క్యాలిబ్రేట్ కంట్రోల్ స్టిక్స్' తెరిపించండి. స్టిక్‌ను ముట్టుకోకుండా చూస్తే గుర్తు సరిగ్గా మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు జరుగుతుంటే స్టిక్ పోయింది. ఆటలో బొమ్మ దానంతటదే నడుస్తుంది, పిల్ల "నేను నొక్కలేదు" అంటుంది, నిజంగానే నొక్కదు.

స్విచ్‌కు రెండు పక్కలా ఉండే చిన్న కంట్రోలర్లు, జాయ్‌కాన్‌లు, రెండూ విడదీసి అడ్డంగా పట్టుకుంటే ఇద్దరికి సరిపోతాయి. పిల్లల చేతికి అచ్చు కొలిచి చేసినట్టుంటాయి, పెద్దవాళ్లకు మాత్రం అరగంటకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

కలిసి ఆడితే ఎలా ఉంటుంది

స్విచ్‌లో ఆడే సూపర్ మారియో బ్రదర్స్ వండర్ తీసుకుందాం. ఐదేళ్ల పిల్లకు యోషి పాత్ర ఇవ్వండి, లేదా న్యాబిట్. వీళ్లకు శత్రువులు తగిలినా దెబ్బ పడదు. గుంటలో పడితే మాత్రం పోతారు. కాబట్టి పిల్లకు నేర్పాల్సింది ఒక్కటే, దూకడం. మిగతా గొడవ మీరు చూసుకుంటారు. పెద్దవాళ్లు యోషి వీపు మీద ఎక్కొచ్చు కూడా, "నాన్నను నేను మోస్తున్నా" అన్న గర్వానికి ఆ ఒక్కటీ చాలు. ఒకరు పోతే దెయ్యంలా తేలుతూ వస్తారు, ఐదు సెకన్లలో రెండోవాళ్లను తాకితే బతుకుతారు. మీరు ముందుకు పరుగెత్తకండి. కిరీటం ఉన్నవాళ్ల వెంట కెమెరా పోతుంది, వెనకబడ్డ పిల్ల తెర బయట పడిపోతుంది. పిల్ల పదేపదే దెయ్యం అవుతుంటే కారణం సాధారణంగా మన తొందరే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే ఏనుగు దగ్గర. ఈ ఆటలో ఒక పండు తింటే మారియో ఏనుగవుతాడు, తొండంతో కొడతాడు. యోషి ఏ రూపమూ మార్చుకోలేడు. "నాకెందుకు ఏనుగు రాదు?" అని పిల్ల అడిగే క్షణం తప్పకుండా వస్తుంది. ముందే చెప్పి ఉంచండి: యోషికి దెబ్బ తగలదు, అందుకే ఏనుగు కాలేడు. లేదంటే తేలికైన పాత లెవెల్ ఒకటి మళ్లీ తెరిచి, మారియో పాత్ర ఇచ్చి, ఏనుగు ముచ్చట తీర్చి, మళ్లీ యోషికి రండి.

మారియో కార్ట్ 8 డీలక్స్‌లో బండి ఎంచుకునే తెర మీద + నొక్కితే స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సిలరేట్ కనిపిస్తాయి. రెండూ పిల్ల వైపు ఆన్ చేస్తే బండి రోడ్డు దిగదు, యాక్సిలరేటర్ వదిలినా ఆగదు. మూడున్నరేళ్ల పిల్ల కూడా పందెం పూర్తి చేస్తుంది. ఒక్కో ఆటగాడికి విడిగా పెట్టుకోవచ్చు, మీది ఆపేసుకోండి. అన్నిటికంటే నెమ్మదైన 50సీసీతో మొదలుపెట్టండి. ఆరేడేళ్లు వచ్చాక స్మార్ట్ స్టీరింగ్ తీసేయమని వాళ్లే అడుగుతారు, కొన్ని అడ్డదారుల్లోకి అది పోనివ్వదు కాబట్టి.

అన్‌టైటిల్డ్ గూస్ గేమ్‌లో మీరొక బాతు, పిల్ల ఒక బాతు. చావు లేదు, టైమర్ లేదు. ఊళ్లోవాళ్లను విసిగించడమే పని. చేయాల్సినవి ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి ఉంటాయి, చదివే పని మీది. "తోటమాలిని నీళ్లతో తడపాలంట. తాళాలు కొట్టేయాలంట. రేక్ తీసుకెళ్లి చెరువులో పడేయాలంట." ఇది తెలుగులో చెప్తుంటే వచ్చే మజా ఇంగ్లిష్‌లో లేదు. ఒకరు అరిచి తోటమాలిని అటు తిప్పితే, ఇంకొకరు తాళాలు లాక్కుపోతారు. పెద్దవాళ్లకు నిజంగా పని ఉండటమంటే ఇదే. ఆరేడేళ్ల వయసుకు దీన్ని మించింది తక్కువ. అల్లరి నేర్పుతుందని ఎవరైనా అంటే అననివ్వండి, మన పిల్లలకు ఆ విద్య బాతు దగ్గర నేర్చుకోవాల్సిన అవసరం లేదు.

జంటగా ఆడే ఆట అనగానే పిల్లలదని అనుకోకూడదు. ఇట్ టేక్స్ టూ అందరూ మెచ్చుకునే ఇద్దరి ఆట, బొమ్మలు చూస్తే యానిమేషన్ సినిమాలా ముద్దుగా ఉంటుంది. కథ మాత్రం విడిపోదామనుకుంటున్న అమ్మానాన్నలది. ఏడుస్తున్న కూతురు, మధ్యలో ఒక ఏనుగుబొమ్మకు పట్టే గతి చూస్తే పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. పెగీ 12, ఈఎస్‌ఆర్‌బీ 'టీ' ఊరికే ఇవ్వలేదు. కలిసి వంట చేసే ఓవర్‌కుక్డ్‌లో అలాంటిదేమీ లేదు కానీ గడియారం తరుముతుంటుంది. 'ఆల్ యూ కెన్ ఈట్' అనే కూర్పులో ఉండే అసిస్ట్ మోడ్ పెట్టకుండా ఆడితే "ఉల్లిపాయ కొయ్యమన్నానా లేదా" అని ఆటలో కాదు, హాల్లో కేకలు మొదలవుతాయి.

రోబ్లాక్స్ ఒక ఆట కాదు, సంత. లక్షల ఆటలు, చేసినవాళ్లు మామూలు జనం. సంతకు రేటింగ్ ఇస్తే ఏం తెలుస్తుంది? ఒక్కో దుకాణానికి 'మినిమల్', 'మైల్డ్', 'మోడరేట్' అని ఉండే గుర్తు చూడాలి. పేరెంట్ ఖాతా జతచేసి 'మినిమల్' దగ్గర ఆపి, చాట్ మూసేయాలి. ఎనిమిదేళ్లలోపు అసలు వద్దన్నది మా మాట. మాల్స్‌లో వీఆర్ కళ్లద్దాలు పెట్టి కూర్చోబెట్టే ఆటలకూ ఇదే జవాబు: మెటా క్వెస్ట్‌కు కనీసం 10 ఏళ్లు, పీఎస్ వీఆర్2కు 12 ఏళ్లు అని తయారుచేసినవాళ్లే పెట్టారు. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే వెలుగు వేగంగా మిణుకుమిణుకుమనే ఆటలు ఏవీ వద్దు, ముందు డాక్టర్‌ను అడగండి.

ఆపడం

భారత శిశువైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో రెండేళ్లలోపు తెర వద్దంది, ఇంట్లోవాళ్లతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట దాటొద్దు. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపు. ఇందులో టీవీ, ఫోన్, ఆట అన్నీ కలిసే ఉన్నాయి. పొద్దున టిఫిన్ తినిపించడానికి పెట్టిన కార్టూన్ అరగంట అయితే, ఐదేళ్లలోపు పిల్లకు ఆటకు మిగిలింది అరగంటే.

నిమిషాల్లో చెప్తే పిల్లలకు అర్థం కాదు. "ఇంకో పది నిమిషాలు" అంటే వాళ్లకు అది ఎంతో తెలియదు, లెవెల్ మధ్యలో ఆపేస్తే అన్యాయంగానే ఉంటుంది. లెవెళ్లున్న ఆటలో లెవెళ్లలో చెప్పండి: "ఇంకో రెండు". కార్ట్‌లో "ఇంకో రెండు రేసులు". అంతులేకుండా పరుగెత్తే ఫోన్ ఆటల్లో ఇది కుదరదు. ఓడిపోతేనే ఆగుతాయి కాబట్టి ప్రతి ఆటా ఏడుపుతోనే ముగుస్తుంది. చిన్నపిల్లలకు అవి వద్దనడానికి హింస, ప్రకటనలు లేకపోయినా ఈ ఒక్క కారణం చాలు. మే నెల సాయంత్రం గాలివాన వచ్చే రోజుల్లో టీవీ, కన్సోల్ రెండూ ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. కట్టిన కోట సేవ్ అవకుండా కరెంటు పోతే ఆ రాత్రి నిద్ర ఉండదు.

మైన్‌క్రాఫ్ట్‌లో లెవెళ్లు లేవు, అంతూ లేదు. కానీ పొద్దూ రాత్రీ ఉన్నాయి. క్రియేటివ్ మోడ్‌లో, డిఫికల్టీ 'పీస్‌ఫుల్' పెట్టి ప్రపంచం తెరవండి. రాక్షసులు రారు, దిమ్మెలు ఎన్ని కావాలంటే అన్ని. ఇంట్లోవాళ్లు తప్ప బయటివాళ్లు రాకుండా మల్టీప్లేయర్ సెట్టింగ్ సరిచేయండి. కన్సోల్ మీదైతే ఒకే తెరలో ఇద్దరూ ఆడొచ్చు, ఫోన్లలో అయితే రెండు ఫోన్లూ ఒకే వైఫై మీద ఉండాలి. చాలామంది చీకటికి భయపడతారని 'ఆల్వేస్ డే' పెడతారు. పెట్టకండి. ఆటలో తెల్లవారిన దగ్గర్నుంచి పడుకునే వీలున్న సాయంత్రం దాకా సుమారు పదిన్నర నిమిషాలు. ఇద్దరికీ చెరో మంచం వేయండి. చీకటి పడగానే ఇద్దరూ పడుకుంటే వెంటనే తెల్లవారుతుంది. మూడు నిద్రలంటే అరగంట పైచిలుకు. "మూడోసారి పడుకున్నాక ఆపేద్దాం" అని మొదట్లోనే చెప్తే, రెండో నిద్రకే పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది, మూడో సాయంత్రం మంచం ఎక్కడ వేయాలో తనే వెతుక్కుంటుంది.